ముప్పై కునుకులు కావలెను

రాజధానిలో రోడ్డు భద్రత మీద ఒక మహా సమావేశం జరిగింది. పొద్దున పదింటికి మొదలై, భోజనాలకు ఆగి, ఆ భోజనాల బరువు దిగేదాకా ఇంకాస్త ఆగి, సాయంత్రం ఆరింటికి ముగిసింది. అధ్యక్షత వహించిన పెద్ద అధికారి బయటికొచ్చి కారెక్కాడు. ఎక్కగానే అద్దంలో ఆయనకు భయంకరమైన దృశ్యం ఒకటి కనబడింది. డ్రైవరు ఆవులించాడు.

ఆ డ్రైవరు తెల్లవారకముందే లేచి అయ్యగారి బావమరిదిని విమానాశ్రయం నుంచి తెచ్చి, అమ్మగారిని గుడికి తీసుకెళ్లి, పిల్లల్ని బడిలో దింపి, ఆపైన ఎనిమిది గంటలు ఎండలో కారుకు కాపలా ఉన్నాడు. ఆ సంగతి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కాని ఒక్క నిమిషంలో తేలిపోయేదానికి ప్రభుత్వంలో విలువుండదు. "ఇంత తీవ్రమైన అంశం ఇన్నాళ్లూ మన దృష్టికి ఎందుకు రాలేదు?" అని అధికారి దారి పొడుగునా ఫోన్లో గద్దిస్తూనే ఉన్నాడు. ఆయన ఇల్లు చేరేసరికి సంఘం పేరు ఖరారైంది: రాష్ట్ర చోదక నిద్రమత్తు సమగ్ర అధ్యయన సంఘం. వారం తిరిగేసరికి నాలుగు కోట్ల పన్నెండు లక్షలు మంజూరయ్యాయి. ఆవులించిన డ్రైవర్ని మర్నాడే మార్చేశారు.

అధ్యయనం ఏ బస్సు డిపోలో చేయాలన్న దాని మీద మూడు సమావేశాలు జరిగాయి. ప్రమాదాలు ఎక్కువ జరిగే డిపోలో చేస్తే ఏదైనా బయటపడి పేపర్లో వస్తుందని ఒకాయన హెచ్చరించాడు. అందరూ ఆయన ముందుచూపును మెచ్చుకుని, తొమ్మిదేళ్లుగా ఒక్క ప్రమాదమూ లేని బయ్యనగుంట డిపోను ఎంపిక చేశారు.

ఇలా తన నెత్తిన ఏం పడబోతోందో మాలకొండయ్యకు తెలియదు. ఆయన బయ్యనగుంట డిపోలో ఇరవై ఆరేళ్లుగా డ్రైవరు. పంతొమ్మిదేళ్లుగా గొల్లపెంట లైను ఆయనదే. గొల్లపెంటకు పోవాలంటే కోతికనుమ ఎక్కి దిగాలి. పదకొండు మలుపులు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ఇన్నేళ్లలో ఆయన చక్రం కింద కోడిపెట్ట కూడా పడలేదు. దీని వెనక రహస్యమేమిటని ఎవరైనా అడిగితే ఆయన సిగ్గుపడుతూ విశ్రాంతి గది వైపు చూపించేవాడు.

ఆ గదిలో ఎనిమిది నవారు మంచాలు, రెండు ఫ్యాన్లు, ఒక మట్టి కూజా ఉండేవి. పొద్దున ఆరింటి ట్రిప్పు ముగించుకుని మాలకొండయ్య పదకొండున్నరకు డిపోకు వచ్చేవాడు. క్యారేజీ విప్పి తిని, కిటికీ పక్క మంచం మీద వాలి, మొహం మీద తువ్వాలు కప్పుకునేవాడు. సరిగ్గా నలభై నిమిషాలు. పన్నెండూ ముప్పై అయిదుకు తనంతట తనే లేచి, మొహం కడుక్కుని, పన్నెండూ నలభై ట్రిప్పుకు స్టీరింగు ముందు కూర్చునేవాడు. ఆ స్టీరింగంటే ఆయనకు ప్రాణం. రిటైరయ్యేదాకా అది తన చేతుల్లోంచి పోకూడదనీ, తన బస్సులో ఎవరికీ రక్తం కారకూడదనీ తప్ప ఆయనకు ఇంకో కోరికంటూ లేదు.

సంఘం ఒక సోమవారం నాడు మూడు వ్యానుల్లో దిగింది. పద్నాలుగు మంది మనుషులు, నలభై ఒక్క అట్టపెట్టెలు. సంచాలకులు డాక్టర్ విశ్వంభర్ గారికి డిపో మేనేజరు రంగనాయకులు దండ వేసి, డిపో అంతా తిప్పి చూపించాడు. గ్యారేజీలో గ్రీసు వాసన. టిక్కెట్ల గదిలో బల్లులు. చివరికి విశ్రాంతి గది తలుపు తీసేసరికి విశ్వంభర్ గారి మొహం వికసించింది.

"అద్భుతం. గాలి ఆడుతోంది. ప్రశాంతంగా ఉంది. నిద్ర గురించి లోతుగా ఆలోచించడానికి ఇంతకన్నా అనువైన ప్రదేశం లేదు. సంఘం కార్యాలయం ఇక్కడే."

సాయంత్రానికి మంచాలు బయటికొచ్చాయి. పారేస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరు కనక వాటికి అంకెలు వేసి, లక్క సీలు కొట్టి, స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు. జాబితాలో 'నిద్రా ప్రేరక వస్తువులు, ఎనిమిది' అని రాసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం తువ్వాలు భుజాన వేసుకుని వచ్చిన మాలకొండయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సార్, మరి మేం యాడ పడుకోవాలి?"

గదిలో పద్నాలుగు తలలూ పైకి లేచాయి. నోటు పుస్తకాలు తెరుచుకున్నాయి. విశ్వంభర్ గారు ఆయన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"మీకు నిద్ర వస్తుందా?"

"వస్తది సార్. ఈ టయానికి వస్తది."

"ఎందుకు వస్తుందని అనుకుంటున్నారు?"

"నాలుగింటికి లేస్తాను గదా సార్."

విశ్వంభర్ గారు కలం కిందపెట్టాడు. "అది మీ అభిప్రాయం. మాకు కారణం కావాలి. దానికోసమే ప్రభుత్వం మమ్మల్ని పంపింది."

కారణం తెలుసుకోవడానికి ఒక ఫారం తయారైంది. అరవై నాలుగు ప్రశ్నలు. రెండు ట్రిప్పుల మధ్య ప్రతి డ్రైవరూ విధిగా నింపాలి. నింపడానికి ఎంతసేపు పడుతుందో కూడా సంఘమే శాస్త్రీయంగా లెక్క కట్టింది: నలభై నిమిషాలు. 'గత గంటలో మీకు నిద్ర వచ్చినదా? వచ్చినచో ఏ దిక్కు నుండి వచ్చినట్లు అనిపించినది? నిద్రపోయిన యెడల ఆ సమయంలో మీరు మెలకువగా ఉంటిరా?' మాలకొండయ్య పదో తరగతి చదివాడు. చెట్టు కింద బల్ల మీద కూర్చుని, కళ్లు నులుముకుంటూ, ఒక్కో ప్రశ్నకూ 'లేదు' అని రాసుకుంటూ పోయాడు. అరవై మూడో ప్రశ్న 'పై ప్రశ్నలన్నింటికీ లేదు అని రాసితిరా?' అని ఉంది. దానికీ అలవాటు కొద్దీ 'లేదు' అని రాసేశాడు. దాంతో ఆ ఫారం చెల్లదని తిప్పి పంపి మళ్లీ రాయించారు.

ఫారాలొక్కటే చాలవని తేలాక పరిశీలకుణ్ణి నియమించారు. పేరు నందకిషోర్. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, అద్దంలో డ్రైవరు రెప్ప పడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కడం ఆయన ఉద్యోగం. మొదటి రోజు గొల్లపెంట చేరేసరికి రెండువేల పదహారు రెప్పపాట్లు లెక్క తేలాయి. రెండో రోజు తొమ్మిది వందలు. మూడో రోజు కనుమ ఎక్కకముందే నందకిషోర్ తల మాలకొండయ్య భుజం మీదికి వాలిపోయింది. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఆ తల ఎత్తి పట్టుకుని మాలకొండయ్య పదకొండు మలుపులూ తిప్పాడు.

ఈ సంగతి తెలిసి విశ్వంభర్ గారు చాలా సీరియస్ అయ్యాడు. వెంటనే పరిశీలకుణ్ణి పరిశీలించడానికి ఉప పరిశీలకుణ్ణి వేశాడు. గురువారానికి ఆయనా గుర్రు పెట్టాడు. వాళ్లిద్దరి మీదా ఒక పర్యవేక్షకుడొచ్చాడు. ముందు రెండు వరసల సీట్లూ సంఘానికి రిజర్వయ్యాయి. జనం నిలబడ్డారు. సంఘం సభ్యులు మాత్రం కూర్చుని, కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే నిద్రపోయి, దిగేటప్పుడు పుస్తకంలో 'నిద్ర గమనించబడలేదు' అని రాసి సంతకాలు చేశారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఇంతమందికి జీతాలూ బత్తాలూ ఎక్కణ్ణుంచి వస్తాయి? మంజూరైన నాలుగు కోట్ల పన్నెండు లక్షల్లో పెద్ద భాగం అట్టపెట్టెలకే పోయింది. అందుకని ప్రతి టిక్కెట్టు మీదా రెండు రూపాయలు 'జాగృతి సెస్సు' వేశారు. దాన్ని వసూలు చేసే కర్మ కండక్టరు కరుణమ్మ మీద పడింది.

"ఇదేందే కరుణమ్మా, పద్దెనిమిదికొచ్చే టిక్కెట్టు ఇరవై చెప్తుండావు?" అని నిలదీసింది పిచ్చమ్మ. ఆమె రోజూ గొల్లపెంట నుంచి కూరగాయలు తెచ్చి బయ్యనగుంటలో అమ్ముకుపోయే మనిషి.

"సెస్సు పిన్నమ్మా. డ్రైవరు నిద్రపోకుండా ఉండేదానికి."

"మా మాలకొండయ్య ఎప్పుడు నిద్రపోయినాడంట?"

"పోలేదు. పోతాడేమోనని చూసేదానికి మనుషుల్ని పెట్టినారు."

"ఆ చూసేవోళ్లు యాడ?"

కరుణమ్మ గడ్డంతో ముందు వరస చూపించింది. ముగ్గురూ నోళ్లు తెరుచుకుని ఒకరి మీద ఒకరు ఒరిగి ఉన్నారు. పిచ్చమ్మ కాసేపు వాళ్లనే చూసి, కొంగుముడి విప్పి రెండు రూపాయలూ తీసింది.

"పోన్లే, లేపబాక. మనిషికి రెండ్రూపాయలిచ్చి నిద్రబుచ్చుతుండాం. నా మనవడికైతే జోల పాడాల."

మాలకొండయ్య కూడా నవ్వాడు. అయితే ఆ నవ్వులో ఓపిక లేదు. మధ్యాహ్నం నిద్ర పోయి అప్పటికి ఇరవై రోజులు దాటింది. ఇంటి దగ్గర భార్య వెంగమ్మ "నాలుగు దినాలు సెలవు పెట్టరాదా?" అంటే, అధ్యయనానికి నమూనాగా తీసుకున్న డ్రైవర్లకు సెలవులు రద్దని చెప్పాడు. కళ్లలో ఇసుక పోసినట్టుగా ఉంటోందని మాత్రం చెప్పలేదు.

ఇరవై మూడో రోజు రెండో ట్రిప్పులో బస్సు కోతికనుమ ఎక్కుతోంది. మాలకొండయ్యకు జంటరాళ్ల మలుపు ముందున్న పసుపు బోర్డు కనబడింది. ఆ తర్వాత కనబడింది లోయ అంచున ఉన్న సిమెంటు దిమ్మ. ఈ రెంటికీ మధ్య నలభై గజాల రోడ్డుంది. ఆ రోడ్డు ఆయనకు జ్ఞాపకం లేదు.

చేతులు వాటంతటవే తిప్పాయో ఏమో, బస్సు దిమ్మను రాసుకుంటూ మలుపు తిరిగింది. వెనక ఎవరికీ ఏమీ తెలియలేదు. కరుణమ్మ చిల్లర ఏరుకుంటోంది. పిచ్చమ్మ వక్క నములుతోంది. పరిశీలకులు ముగ్గురూ గాఢంగా పరిశీలిస్తున్నారు. మాలకొండయ్య బస్సు పక్కకు తీసి ఆపి, దిగి, ఒక రాయి మీద కూర్చున్నాడు. బస్సులో నలభై రెండు మంది ఉన్నారు. మూడో సీట్లో ఆస్పత్రి నుంచి పుట్టింటికి పోతున్న బాలింత ఒకతె పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్లలో ఆయన మొదటిసారి తన చేతుల్ని చూసి తనే భయపడ్డాడు.

ఆ సాయంత్రం ఫారం గీరం జోలికి పోకుండా నేరుగా విశ్వంభర్ గారి దగ్గరికి వెళ్లాడు. కిటికీ పక్క తన మంచం ఉండే చోట నీళ్లు చల్లబరిచే యంత్రం ఉంది.

"సార్, ఈ పొద్దు నాకు కునుకు పట్టింది. కనుమ మీద."

గదిలో ఒక్కసారిగా చప్పట్లు. ఎవరో మిఠాయిల కోసం పరుగెత్తారు. విశ్వంభర్ గారు కుర్చీలోంచి లేచి వచ్చి మాలకొండయ్యను కావలించుకున్నాడు.

"మూడు వారాల నుంచీ ఎదురుచూస్తున్నామండీ! ఎన్ని సెకన్లు? కల ఏమైనా వచ్చిందా?"

"సార్, ఆ మంచాలు మాకిచ్చేయండి. నలభై నిమిషాలు నడుం వాలిస్తే చాలు, ఇంక రాదు. మీకు దణ్ణం పెడతా."

విశ్వంభర్ గారు ఆయన్ని మెల్లగా కూర్చోబెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "మాలకొండయ్య గారూ, మీ ఆవేదనను సంఘం గుర్తించింది. అయితే ఒక్క కునుకు ఆధారంగా ప్రభుత్వానికి సిఫారసు చేయడం శాస్త్రసమ్మతం కాదు. ఒక్కటంటే యాదృచ్ఛికం. నిర్ధారణకు రావాలంటే కనీసం ముప్పై కునుకులు కావాలి."

"ముప్పయ్యా?"

"ముప్పై. మీది ఒకటి జమ అయింది. మిగతా ఇరవై తొమ్మిదీ సాధ్యమైనంత వరకు అదే మలుపులో, అదే వేగంలో వచ్చేట్టు చూసుకోండి. పోలికకు వీలుగా ఉంటుంది. ఈలోగా మంచాలిస్తే దత్తాంశం కలుషితమైపోతుంది."

"సార్, బస్సులో జనముంటారు."

"ఉండాలి. ఖాళీ బస్సు అయితే అది సహజ పరిస్థితి కాదు."

మర్నాడే నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ప్రకటన వెలిసింది. 'ముప్పై కునుకులు కావలెను. సదరు అధ్యయన కాలంలో వాహనము నడుపుచూ నిద్రించిన చోదకులపై ఎట్టి క్రమశిక్షణా చర్యలు గైకొనబడవని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' కింద విశ్వంభర్ గారి సంతకం, దాని కింద రంగనాయకులు సంతకం. ఆ కాగితం ముందు నిలబడి మాలకొండయ్య రెండుసార్లు చదివాడు. తర్వాత కరుణమ్మను పక్కకు పిలిచి నాలుగు మాటలు మాట్లాడాడు.

ఆ మధ్యాహ్నం కనుమ కిందున్న చింతతోపు దగ్గర బస్సు ఆగింది. మాలకొండయ్య ఇంజను ఆపి, లేచి నిలబడి, జనం వైపు తిరిగాడు.

"అమ్మా, అయ్యా, నాకు నిద్ర మత్తుగా ఉండాది. ఈ మత్తుతో కనుమ ఎక్కలేను. నలభై నిమిషాలు పడుకుంటా. తొందరున్నోళ్లు ఇంకో బండి చూసుకోండి, నేనేం అనుకోను."

బస్సులో గుసగుసలు. ఒకాయన గడియారం చూసుకుని ఏదో అనబోయాడు. పిచ్చమ్మ ఆయన నోరు మూయించింది.

"పడుకో నాయనా. కనుమ మీద నువ్వు నిద్రపొయ్యేదానికంటే కనుమ కింద నిద్రపోతే మాకు నయం గదా."

వెనక పొడుగు సీటు ఖాళీ చేశారు. బాలింతలూ ముసలివాళ్లూ నీడకు దిగారు. ఎవరో వేరుశనక్కాయల మూట విప్పారు. పసిపిల్ల ఏడిస్తే తల్లి దూరంగా తీసుకుపోయింది. మాలకొండయ్య తువ్వాలు కప్పుకున్నాడో లేదో గుర్రు మొదలైంది. సరిగ్గా అప్పుడే, బస్సు ఊగడం ఆగిపోయినందువల్ల పరిశీలకులు ముగ్గురికీ మెలకువ వచ్చింది.

వాళ్లు గాభరాగా పుస్తకాలు తెరిచారు. డ్రైవరు నిద్రలో ఉన్నాడు, అది కళ్లకు కనబడుతోంది. కాని బస్సు నడవడం లేదు. దాన్ని ఏ గడిలో రాయాలో ఎవరికీ పాలుపోలేదు. స్పష్టత కోరుతూ రాజధానికి లేఖ రాశారు. జవాబు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ బస్సు చింతతోపులో నలభై నిమిషాలు ఆగింది, జనం అలవాటు పడి బీడీలు చుట్టుకున్నారు, చిక్కుళ్లు ఒలుచుకున్నారు. మాలకొండయ్య కళ్లలో ఇసుక పోయింది. కోతికనుమ మళ్లీ ఆయన చెప్పుచేతల్లోకి వచ్చింది. సంఘం పటంలో కునుకుల గీత మాత్రం ఒకటి దగ్గరే ఆగిపోయి ఉంది. అది చూసినప్పుడల్లా విశ్వంభర్ గారికి అన్నం సయించలేదు.

పన్నెండో రోజు విచారణ. బల్లకు అటు వైపు విశ్వంభర్ గారు, రంగనాయకులు. ఇటు వైపు మాలకొండయ్య.

"డ్యూటీ సమయంలో నిద్రించిన మాట వాస్తవమా?" అన్నాడు విశ్వంభర్ గారు.

"వాస్తవమే సార్. రోజూ నలభై నిమిషాలు."

విశ్వంభర్ గారి కళ్లలో ఆశ మెరిసింది. "అందులో బస్సు నడుస్తూ ఉండగా ఎంతసేపు?"

"నడుస్తుండగా ఎట్టా పడుకుంటాను సార్? ఆపి పడుకున్నా."

విశ్వంభర్ గారు నీరుగారిపోయి కాగితాలు పక్కకు నెట్టాడు. "ఆపితే అది డ్రైవింగు కాదు. ఇది మా పరిధిలోకి రాదు."

"అయితే నా పరిధిలోకి వస్తుంది," అన్నాడు రంగనాయకులు, ఆ కాగితాలు తన వైపు లాక్కుంటూ. ఆయన దుర్మార్గుడు కాదు. మాలకొండయ్య మొహం చూడలేక కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు. "ఏం చెయ్యమంటావు మాలకొండయ్యా? నడుపుతూ నిద్రపోయినవాడికి రక్షణ ఉంది, కాగితం ఉంది, నేనే సంతకం పెట్టాను. బస్సు ఆపి నిద్రపోయినవాడికి ఏ కాగితమూ లేదు. ఆ కాగితం వచ్చాక ఒక్కరోజు కనుమ మీద కన్ను మూసి ఉంటే నేనేదో చేసేవాణ్ణి."

"మూసుంటే మీరేం చేసినా నేను చూసేదానికి ఉండను సార్," అన్నాడు మాలకొండయ్య.

ఆ రోజే సస్పెన్షన్ ఉత్తర్వు చేతికిచ్చారు. సగం జీతంతో డిపో ఊళ్లో అద్దె కట్టలేక ఆయన వెంగమ్మతో సహా ఆమె పుట్టిల్లు గొల్లపెంటకు చేరాడు. రోజూ రెండుసార్లు బస్సు హారను వినబడేది. విన్నప్పుడల్లా ఆయన కుడికాలు నేల మీద ఎక్సిలేటరును వెతికేది. వెంగమ్మ అది చూసి మొహం తిప్పుకునేది.

నాలుగు నెలలకు నివేదిక తయారైంది. మూడు సంపుటాలు, ఎనిమిది వందల పద్నాలుగు పేజీలు. సారాంశం ఇంత: సంఘం రాకముందు బయ్యనగుంట డిపోలో నమోదైన కునుకులు సున్నా. సంఘం వచ్చాక ఒకటి. సంఘం చర్యల అనంతరం మళ్లీ సున్నా. అంటే ఉన్న నిద్రమత్తును సంఘం నూటికి నూరు శాతం నిర్మూలించింది. ఈ విజయాన్ని రాష్ట్రమంతటా విస్తరింపజేయడానికి తొమ్మిది కోట్లతో రెండో దశ చేపట్టాలనీ, అందుకు అన్ని డిపోల విశ్రాంతి గదులనూ సంఘానికి అప్పగించాలనీ, సెస్సును మూడు రూపాయలు చేయాలనీ సిఫారసు చేశారు. నిద్రమత్తు నుంచి సంపూర్ణంగా విముక్తి పొందిన ఏకైక డ్రైవరుగా మాలకొండయ్యను సన్మానించాలని కూడా నిర్ణయించారు. సస్పెన్షన్ ఎత్తివేత వేరే విభాగం చూసుకుంటుంది కనక దాని ప్రస్తావన నివేదికలో లేదు.

విశ్వంభర్ గారే ఫోన్ చేశాడు. "బుధవారం నాలుగున్నరకు డిపో ఆవరణలో సభ. మంత్రిగారు స్వయంగా వచ్చి మీకు శాలువా కప్పుతారు. ఒక అర్జీ రాసి జేబులో పెట్టుకోండి. శాలువా కప్పేటప్పుడు చేతికివ్వండి. వేదిక మీద అయితే ఆయన కాదనలేరు. ఇంతకు మించి నేను చేయగలిగింది లేదు."

మాలకొండయ్య ఆ అర్జీని మూడుసార్లు రాశాడు. 'నా లైను నాకు ఇప్పించ ప్రార్థన' అన్న మాటను మూడుసార్లూ గుండ్రటి అక్షరాలతో దిద్ది రాశాడు. బుధవారం వెంగమ్మ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. రెండూ నలభై బస్సెక్కాడు. పరిశీలకులు సభ ఏర్పాట్లకు పోవడంతో ఖాళీ అయిన డ్రైవరు వెనక సీటు పిచ్చమ్మ ఆపి ఉంచింది. సభ చూడ్డానికి గొల్లపెంట సగం బస్సులోనే ఉంది.

కొత్త డ్రైవరు పేరు హజరత్తయ్య. నలభై అయిదేళ్ల మనిషి, పక్క డిపో వాడు. తెల్లవారుజామున తన డిపోలో ఒక డ్యూటీ చేసి, మధ్యాహ్నం ఇక్కడ మాలకొండయ్య డ్యూటీ చేస్తున్నాడు. ఈ మధ్యలో అరవై నాలుగు ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాడు.

కనుమ ఎక్కడం మొదలైంది. మాలకొండయ్య కిటికీలోంచి చూడటం లేదు, అద్దంలో హజరత్తయ్య కళ్లు చూస్తున్నాడు. రెండో మలుపు దగ్గర రెప్పలు బరువెక్కాయి. నాలుగో మలుపు దగ్గర మెడ ఒక్కసారి జారి మళ్లీ నిలబడింది. నిద్రలో ఉన్న డ్రైవర్ని అరిచి లేపకూడదు, ఉలిక్కిపడి స్టీరింగు తిప్పేస్తాడు. మాలకొండయ్య లేచి, ముందుకు వంగి, అతని చేతి మీద తన చెయ్యి వేసి, స్టీరింగును ఉన్నచోట గట్టిగా పట్టుకుని, చెవి దగ్గర నెమ్మదిగా అన్నాడు.

"బ్రేకు మీద కాలు పెట్టు నాయనా. మెల్లగా తొక్కు. ఆఁ, అంతే. చాల్లే."

బస్సు కొండ పక్కన ఆగింది. హజరత్తయ్య కళ్లు తెరిచి, ముందున్న మలుపును చూసి, మాలకొండయ్యను చూసి, ఏడ్చినంత పని చేశాడు. "అన్నా, రెండు దినాలయింది నేను పడుకుని."

"ఎనక సీట్లోకి పో. పడుకో."

"సభ అన్నా… నీ శాలువా…"

"పో."

అతను పడుకున్న రెండో నిమిషానికి గుర్రు వినబడింది. కరుణమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది. "అన్నా, నువ్వే తోలగూడదా? అరగంటలో డిపోలో ఉంటాం."

మాలకొండయ్య స్టీరింగు వైపు చూశాడు. అయిదు నెలలైంది దాన్ని అంత దగ్గర నుంచి చూసి. వేళ్లు తీపులు తీశాయి. "నేను సస్పెండులో ఉండా. నేను తోల్తే, సీటు ఇచ్చినందుకు ఆయన ఉద్యోగం గూడా పోద్ది. ఒద్దులే," అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నాలుగున్నర దాటాక ఫోన్ మోగింది. విశ్వంభర్ గారి గొంతు వెనక మైకు చప్పుడు వినబడుతోంది.

"ఎక్కడున్నారండీ? మంత్రిగారు వచ్చి కూర్చున్నారు. పది నిమిషాల్లో వెళ్లిపోతారు!"

"కనుమ మీద ఉండాం సార్. బస్సు ఆగింది."

"రిపేరా?"

"కాదు సార్. డ్రైవరు పడుకుని ఉండాడు."

"లేపండి! మీ అర్జీ సంగతి ఆలోచించండి. మళ్లీ ఇలాంటి అవకాశం రాదు. లేపండి ఆయన్ని!"

మాలకొండయ్య వెనక్కి తిరిగి చూశాడు. హజరత్తయ్య నోరు తెరుచుకుని, ఒక చెయ్యి కిందికి వేలాడేసి నిద్రపోతున్నాడు. పిచ్చమ్మ కొంగుతో అతని మొహం మీద ఈగలు తోలుతోంది. బస్సు నిండా జనం ఉన్నారు, అందరూ మాలకొండయ్య మొహమే చూస్తున్నారు. ఫోన్ ఆపి, చప్పుడు కాకుండా జేబులో పెట్టుకున్నాడు. అక్కడ అర్జీ తగిలింది. దాన్ని అలాగే ఉండనిచ్చాడు.

అయిదింటికి హజరత్తయ్య తుళ్లిపడి లేచాడు. ఎక్కడున్నాడో అర్థం కాలేదు. చుట్టూ జనాన్ని చూసి, కిటికీ అవతల లోయను చూసి, గబగబా సీటు దిగాడు.

"ఏమైంది? ఎవురికేమైంది?"

"ఎవురికీ ఏం కాలా," అన్నాడు మాలకొండయ్య. "మొహం కడుక్కోని పోనియ్యి."